వస కొమ్ముకు పరీక్ష

వరంగల్ కొత్తవాడ పేరు చెప్పగానే జంపఖానాలు గుర్తుకొస్తాయి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన వరంగల్ జంపఖానాలకు ఈ పేట పెట్టింది పేరు. నేతపనిలో ఇంటిల్లిపాదికీ వాటా ఉంటుంది. ఒకరు మగ్గం మీద కూర్చుంటే ఇంకొకరు కండెలు చుట్టాలి, నూలు సిద్ధం చేయాలి. ఈ పైపనులు ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడతాయి. చంటిబిడ్డ తల్లికి చేతిలో పని సాగాలంటే బిడ్డ పడుకోవాలి. బీడీలు చుట్టే తల్లిదైనా, పొలం పనికి పోయే తల్లిదైనా ఇదే అవసరం. ఆ అవసరానికి మన పెద్దవాళ్లు చూపిన దారుల్లో వస కొమ్ము ఒకటి.

పచారీ కొట్లో అడిగితే ఇస్తారు. వేలెడు లావున్న ఎండు కొమ్ము. పైన ముదురు గోధుమ రంగు, ఒళ్లంతా ఆకులు ఊడిన గుర్తులు ఉంగరాల్లాగా, అడుగున వేళ్లు తెగిన చుక్కలు. విరిస్తే లోపల లేత రంగు, ముక్కుకు గుచ్చుకునే ఘాటు. దాన్ని దీపం మీద కాస్త కాల్చి, సాన మీద చనుబాలతోనో తేనెతోనో అరగదీసి, వేలికొసతో బిడ్డ నాలుకకు రాస్తారు. కడుపునొప్పి తగ్గుతుందని, మాట త్వరగా వస్తుందని, హాయిగా నిద్ర పడుతుందని నమ్మకం. వాగుడుకాయ పిల్లల్ని చూసి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అని అడగడం మన ఇళ్లలో మామూలే. ఆ నమ్మకంలో మాటకు సంబంధించిన భాగాన్ని పక్కన పెట్టి, నిద్రకు సంబంధించిన భాగాన్ని చూద్దాం. వస నిజంగా నరాల మీద పనిచేస్తుందా? చేస్తే ఎలా తెలుసుకోవాలి? కొత్తవాడ నుంచి కొద్ది కిలోమీటర్లు పోతే హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. 1976లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయంలోని ఔషధ విజ్ఞాన కళాశాలలోనూ, వరంగల్ చుట్టుపక్కల వెలిసిన ఫార్మసీ కళాశాలల్లోనూ విద్యార్థులు నేర్చుకునే విద్యల్లో ఇదొకటి: మొక్క సారం నాడీమండలాన్ని మందగింపజేస్తుందో లేదో తేల్చడం. కాకతీయ విశ్వవిద్యాలయ కళాశాల ఆచార్యులు సి. వీరేశం 2012లో ఒక పరిశోధన పత్రికకు సంపాదకీయం రాస్తూ, కొత్త మందులకు మొక్కలు ఇప్పటికీ ఎంత పెద్ద వనరో వివరించారు. వనరు ఉన్నంత మాత్రాన మందు తయారైపోదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎంతో ఈ అధ్యాయంలో చూద్దాం.

పని మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, మొక్క దగ్గర. తెచ్చిన మొక్క మనం అనుకున్నదేనని వృక్షశాస్త్రవేత్త నిర్ధారించాలి. నమూనాను అట్టకు అంటించి, సంఖ్య వేసి హెర్బేరియంలో భద్రపరచాలి. ఇది కాగితాల తతంగం అనిపించవచ్చు. కానీ బ్రాహ్మి అని అడిగితే ఒక ఊళ్లో నీటి చెలమల పక్కన పాకే చిన్న ఆకుల మొక్కను ఇస్తారు, ఇంకో ఊళ్లో గుండ్రటి సరస్వతి ఆకును ఇస్తారు. రెండూ వేరు వేరు కుటుంబాల మొక్కలు, లోపలి రసాయనాలూ వేరే. ఇక్కడ పొరపాటు జరిగితే ఆ తర్వాత ఎంత శ్రద్ధగా చేసినా ఆ పనికి విలువ లేదు.

తర్వాత నీడన ఆరబెట్టడం, పొడి కొట్టడం, సారం తీయడం. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పొడి ఉంచి, కింద ద్రావణిని మరిగిస్తారు. ఆవిరి పైకెళ్లి చల్లబడి పొడి మీద బొట్లుబొట్లుగా పడుతుంది, నిండాక మళ్లీ కిందికి జారుతుంది. గంటల తరబడి ఇదే తిరుగుడు. పెట్రోలియం ఈథర్ నూనెల్ని, మైనాల్ని లాగుతుంది. మెథనాల్ ఎన్నో రకాల పదార్థాల్ని లాగుతుంది. నీరు చక్కెరల్ని, లవణాల్ని, కొన్ని గ్లైకోసైడ్లను లాగుతుంది. కాబట్టి ఈ మొక్కకు మత్తు గుణం ఉందా అనే ప్రశ్న అసంపూర్ణం. ఏ భాగానికి, ఏ ద్రావణిలో, ఎంత మోతాదులో అని అడగాలి. అశ్వగంధ సంగతే చూడండి. దాని శాస్త్రీయ నామం రెండో సగం సోమ్నిఫెరా, అంటే నిద్ర తెచ్చేది. అందులోని పేరున్న రసాయనాలైన విథనోలైడ్‌లే ఆ నిద్రకు కారణమని చాలాకాలం అనుకున్నారు. 2017లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిట్టెలుకల మెదడు తరంగాలను నమోదు చేసి చూస్తే, విథనోలైడ్‌లు దండిగా ఉన్న ఆల్కహాల్ సారం నిద్రను మార్చలేదు. ఆకుల నీటి సారం నిద్రపుచ్చింది. అందులో పనిచేసింది ట్రైఎథిలీన్ గ్లైకాల్ అనే చిన్న అణువని వాళ్లు తేల్చారు. ఆల్కహాల్ సారంతోనే ఆగిపోయి ఉంటే అశ్వగంధకు నిద్ర గుణం లేదని రాసేసేవారు.

సారం చేతికొచ్చాక అది విషమా కాదా చూడాలి. దీనికి అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన 423వ మార్గదర్శకం. ఒక్కో దశలో మూడేసి జంతువులకు మాత్రమే ఇచ్చి, కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దాకా పరిశీలిస్తారు. సగం జంతువులు చచ్చే మోతాదు ఎంతో లెక్కకట్టే పాత పద్ధతిలో ఎన్నో ప్రాణాలు పోయేవి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ నిబంధనల ప్రకారం, సంస్థలోని నైతిక సంఘం అనుమతి లేకుండా ఒక్క చిట్టెలుకనైనా ముట్టుకోకూడదు. మరోలా తెలుసుకోగలిగితే జంతువును వాడొద్దు, వాడాల్సి వస్తే వీలైనంత తక్కువ వాడు, బాధ తగ్గించు. ఈ మూడు నియమాలనూ గోడ మీద రాసి వదిలేయకూడదు, పాటించాలి. తేలని ప్రయోగం కోసం పోయిన ప్రాణానికి జవాబు చెప్పుకోలేం.

ఇక అసలు పరీక్ష. 20 నుంచి 25 గ్రాముల తెల్ల చిట్టెలుకలను గుంపుకు ఆరు చొప్పున విడదీస్తారు. ఒక గుంపుకు సారం లేని ద్రవం మాత్రమే, పోల్చి చూడటానికి ఒక గుంపుకు డయజెపామ్ అనే తెలిసిన మత్తుమందు, మిగతా గుంపులకు సారం రెండు మూడు మోతాదుల్లో. కాసేపటికి అన్నింటికీ పెంటోబార్బిటాల్ అనే నిద్రమందు ఒకే మోతాదులో ఇస్తారు. నిమిషాల్లో చిట్టెలుక నడక తడబడుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని మెల్లగా వెల్లకిలా పడుకోబెడతారు. మెలకువగా ఉన్న చిట్టెలుక ఎన్నిసార్లు తిప్పినా క్షణంలో బోర్లా తిరిగి కాళ్ల మీద నిలబడుతుంది. ఆ ప్రతిచర్య పోయిన క్షణం నిద్ర మొదలు. మళ్లీ తనంతట తాను తిరిగి నిలబడిన క్షణం నిద్ర ముగింపు. స్టాప్‌వాచ్ పట్టుకున్న విద్యార్థి ఈ రెండు క్షణాల మధ్య నిమిషాలను రాసుకుంటాడు. పొట్ట పైకి పెట్టుకుని, మీసాలు అదురుతూ, గులాబీ రంగు పాదాలు గాలిలో ఉంచి పడుకున్న ఆ ప్రాణి నిలబడేదాకా చూపు తిప్పకూడదు. సారం తాగిన గుంపు ఎక్కువ సేపు పడుకుంటే సారానికి మత్తు గుణం ఉండవచ్చని ఒక సూచన.

వసకు ఈ పరీక్ష ఎప్పుడో జరిగింది. 1959లో ఔషధ శాస్త్రవేత్త పి.సి. దాండియా, సహచరులు వస నూనె మీద వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఆ నూనె చిట్టెలుకల్లో పెంటోబార్బిటాల్ నిద్రను పొడిగించింది. తర్వాత నూనెలోని అసరోన్, బీటా అసరోన్ అనే పదార్థాలను విడదీసి చూస్తే వాటికీ మందగింపజేసే గుణం కనిపించింది. సానరాయి ముందు కూర్చున్న అమ్మమ్మలు గమనించినది ఉత్తి భ్రమ కాదన్నమాట. ఈ మాట ఒప్పుకోవడానికి విజ్ఞానశాస్త్రం వెనకాడనక్కర్లేదు.

అయితే పెంటోబార్బిటాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. మన దగ్గర వచ్చే ఎన్నో సిద్ధాంత వ్యాసాలు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. చిట్టెలుక ఎక్కువసేపు పడుకోవడానికి కారణం మెదడే కానక్కర్లేదు, కాలేయం కావచ్చు. పెంటోబార్బిటాల్‌ను ముక్కలు చేసి బయటికి పంపేది కాలేయంలోని ఎంజైములు. మొక్క సారం ఆ ఎంజైములను అడ్డుకుంటే, తూము మూసుకుపోయిన తొట్టిలో నీరు నిలిచినట్టు నిద్రమందు ఒంట్లోనే ఉండిపోతుంది. సారం మెదడును ముట్టుకోకపోయినా నిద్ర నిమిషాలు పెరుగుతాయి. ఒంటి వేడి తగ్గినా అంతే, మందు ఖర్చయ్యే వేగం తగ్గుతుంది. గది చల్లగా ఉన్న రోజు లెక్కలు ఒక రకంగా, ఎండాకాలం ఇంకో రకంగా వస్తాయి. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు కాలేయంలో విచ్ఛిన్నం కాకుండా పనిచేసే బార్బిటాల్ వంటి మందుతో మళ్లీ పరీక్షిస్తారు. గది ఉష్ణోగ్రత, ప్రయోగం చేసిన వేళ కూడా రాస్తారు.

నిద్రమందు కలపకుండా చూసే పరీక్షలూ ఉన్నాయి. యాక్టోఫోటోమీటర్ అనే పెట్టెలో కాంతి కిరణాలు అడ్డంగా పోతుంటాయి. చిట్టెలుక తిరిగినప్పుడల్లా కిరణం తెగి అంకె పెరుగుతుంది. సారం ఇచ్చాక అంకెలు పడిపోతే కదలిక తగ్గిందని అర్థం. కదలిక తగ్గడానికి మత్తే కారణమా, కండరాలు సడలాయా, కడుపునొప్పా? దీనికి రోటారాడ్ ఉంది. 1957లో డన్హమ్, మియా అనే ఇద్దరు ప్రవేశపెట్టిన ఈ పరికరంలో తిరిగే కడ్డీ మీద చిట్టెలుక పడకుండా నడవాలి. కదలిక బాగా తగ్గినా కడ్డీ మీద నిలదొక్కుకుంటే అది ఒక తీరు, త్వరగా పడిపోతే ఇంకో తీరు. భయం తగ్గిందా అని చూడటానికి ఎత్తైన ప్లస్ ఆకారపు వంతెన ఉంది. రెండు చేతులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. చిట్టెలుక సహజంగా గోడల మాటున దాక్కుంటుంది. ఆందోళన తగ్గించే మందు ఇస్తే బయటి చేతుల మీదికి ఎక్కువసార్లు వస్తుంది. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటీ చాలదు. అన్నీ కలిపి ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఇంకో చిక్కు లెక్కల్లో ఉంది. నాలుగు ద్రావణుల సారాలు, మూడేసి మోతాదులు, ఐదు పరీక్షలు. మొత్తం 60 పోలికలు. నూటికి ఐదు కంటే తక్కువ అవకాశం ఉంటే నిజమని లెక్కించే మామూలు కొలబద్ద వాడితే, మొక్కలో ఏ గుణమూ లేకపోయినా ఈ అరవైలో సగటున మూడు పోలికలు కాకతాళీయంగా నెగ్గుతాయి. నెగ్గిన మూడింటిని రాసి, మిగతా 57ను అటకెక్కిస్తే మొక్కకు లేని గొప్ప వస్తుంది. అలాగే ఏ గుంపుకు ఏమి ఇచ్చారో నిమిషాలు లెక్కించేవాడికి తెలియకూడదు. ఏ చిట్టెలుక ఏ గుంపులోకి పోవాలో చీటీ తీసి తేల్చాలి. వీటికి ఖర్చు లేదు, ఖరీదైన పరికరాలూ అక్కర్లేదు. నా ఉద్దేశంలో, మన కళాశాలల్లో మొక్కల పరిశోధనకు కావాల్సింది కొత్త యంత్రాల కన్నా ముందు ఈ రెండు అలవాట్లు.

భారతదేశపు మొక్క ఒకటి ఈ దారి మొత్తం నడిచి ప్రపంచాన్నే మార్చింది. సర్పగంధ, మనవాళ్లు పాతాళగంధి అని కూడా అంటారు. 1931లో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి అజ్మలిన్ తదితర ఆల్కలాయిడ్లను విడదీశారు. ఆ కళాశాల స్థాపకుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్‌కు ఆ పేరు. అదే ఏడు కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఉన్మాదానికి, రక్తపోటుకు ఈ వేరు పనిచేస్తోందని రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులకు సర్పగంధ ఇచ్చి, ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక విదేశాల చూపు ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరులోని మత్తు గుణానికి మూలమైన రెసర్పిన్‌ను శుద్ధంగా విడదీశారు. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ మానసిక రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు.

ఆ తర్వాతి మలుపు ఇంకా ముఖ్యమైనది. రెసర్పిన్ ఇచ్చిన కుందేలు చెవులు వాల్చి, ముడుచుకుని, కదలకుండా ఉండిపోతుంది. చూడటానికి అదీ మత్తే. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఆ జంతువులకు ఎల్-డోపా ఇచ్చాడు. కొద్దిసేపటికే అవి లేచి తిరిగాయి. రెసర్పిన్ మెదడు కణాల్లో డోపమిన్ వంటి సందేశ రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుందని, ఎల్-డోపా ఆ లోటు పూడుస్తుందని తేలింది. పార్కిన్‌సన్ జబ్బుకు ఇవాళ్టికీ ఇచ్చే మందు పుట్టింది ఆ ప్రయోగం నుంచే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి దక్కింది. రెసర్పిన్ మాత్రం కుంగుబాటు తెస్తుందన్న ఆందోళనతో, మెరుగైన మందులు రావడంతో మానసిక వైద్యంలో వెనక్కి తగ్గింది. పడుకున్న జంతువును చూసి మత్తు అని రాసి ఊరుకుంటే ఈ కథలో సగం కూడా బయటపడేది కాదు. ఎందుకు పడుకుంది అని అడిగినవాడికే దొరికింది.

డయజెపామ్ దారి పూర్తిగా వేరు. మెదడులో గాబా అనే రసాయనం ఉందని 1950లో గుర్తించారు. అది నాడీకణం మీది గ్రాహకాన్ని తాకితే క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్లి, కణం సంకేతం పంపడం తగ్గుతుంది. డయజెపామ్ ఆ గ్రాహకం మీద వేరే చోట అతుక్కుని గాబా పనికి బలం ఇస్తుంది. మొక్క సారం ఈ దారినే పనిచేస్తోందా అని తేల్చడానికి ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉంది. అది డయజెపామ్ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. ముందు ఫ్లుమజెనిల్ ఇచ్చాక సారం మత్తు తగ్గిపోతే ఆ చోటే పట్టుకుందని అర్థం.

ఈ దారి సంగతి తెలంగాణకు పుస్తకాల్లోంచి తెలియాల్సిన అవసరం లేదు. కల్తీ కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రాజోలం. మూడూ చివరికి గాబా పనిని పెంచేవే. ఏళ్ల తరబడి ఆ కల్లు తాగిన మెదడు ఆ మందులకు అలవాటుపడి, తనంతట తాను నెమ్మదించే శక్తిని తగ్గించుకుంటుంది. 2015లో అధికారులు దాడులు చేసి కల్తీ ఆపాక నిజామాబాద్ జిల్లాలో ఏమైందో చూశాం. వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు, పొంతన లేని మాటలతో జనం ఆసుపత్రులకు వరస కట్టారు. మొక్క నుంచి వచ్చిన పదార్థం ఇదే గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటే ఇదే ప్రమాదం దానికీ ఉంటుంది. అణువు ఆకులో పుట్టిందా కర్మాగారంలో పుట్టిందా అని గ్రాహకం చూడదు. అందుకే నిద్రకు మంచిది, ఏ దుష్ప్రభావమూ ఉండదు అని ప్రకటనల్లో కనిపించే మాటల్లో రెండోది సాధారణంగా ఎవరూ పరీక్షించని మాట. ఎన్నాళ్లు వాడారు, ఆపాక ఏమైంది అని అడగాలి.

చిట్టెలుక నుంచి మనిషికి వచ్చేటప్పుడు మోతాదు లెక్క కూడా చూడాలి. చిట్టెలుకకు కిలోకు 400 మిల్లీగ్రాముల సారం పనిచేసిందని అనుకుందాం. బరువును నేరుగా హెచ్చిస్తే తప్పవుతుంది, చిన్న జంతువు ఒంట్లో మందు వేగంగా ఖర్చవుతుంది. ఒంటి ఉపరితలాన్ని బట్టి లెక్కకట్టే పద్ధతిలో 12.3తో భాగించాలి. అప్పుడు 60 కిలోల మనిషికి దాదాపు రెండు గ్రాముల సారం. పదోవంతు సారం దిగే మొక్కైతే అది 20 గ్రాముల ఎండు పొడికి సమానం, రోజుకు నాలుగు పెద్ద చెంచాల దాకా. ఇది తయారీకి లొంగే మోతాదేనా, కాలేయం భరించేదేనా అన్నది మనుషుల మీద జరిగే పరీక్షలే చెప్పాలి.

ఇప్పుడు వస కొమ్ము దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే దాని పరీక్ష నిద్రతో ముగియలేదు. భారతదేశంలో పెరిగే వస నూనెలో ఎక్కువ భాగం బీటా అసరోన్. 1967లో అమెరికాలో జమ్మూ రకం వస నూనెను ఎలుకలకు దీర్ఘకాలం తిండిలో కలిపి పెడితే చిన్నపేగు మొదటి భాగంలో కణితులు వచ్చాయి. 1968లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ వసను, దాని నూనెను ఆహార పదార్థాల్లో వాడకుండా నిషేధించింది. అమెరికాలో సహజంగా పెరిగే రకంలో బీటా అసరోన్ ఉండదు. మన కొట్లలో దొరికేది ఆ రకం కాదు. ఆయుర్వేదం కూడా వసను ఉన్నది ఉన్నట్టు వాడమనలేదు, శోధన చేసి వాడమంది. ఇంట్లో సాన మీద అరగదీసే దానికి ఆ శోధన లేదు, తూకం లేదు. నాలుగైదు కిలోల బిడ్డకు వేలికొసన ఎంత అంటిందో ఎవరికీ తెలియదు. ఎక్కువైతే వాంతులవుతాయి.

ఎలుకలకు వచ్చిన కణితి ప్రతి బిడ్డకూ వస్తుందని ఎవరూ అనడం లేదు. నెలకోసారి రాసిన చిటికెడుకూ, ఎలుక జీవితాంతం తిన్న నూనెకూ తేడా ఉంది. కానీ పసిబిడ్డకు మత్తు ఇవ్వడంలో దగ్గరి ప్రమాదం వేరే ఉంది. ఆకలికో, జ్వరానికో, చెవిపోటుకో బిడ్డ ఏడుస్తాడు. వస రాస్తే ఏడుపు ఆగవచ్చు, జ్వరం ఆగదు. బొంబాయి మిల్లుల్లో పనికి పోయే తల్లులు ఒకప్పుడు నల్లమందు కలిపిన బాలా గోలీలు వేసి పిల్లల్ని పడుకోబెట్టేవారు. వాళ్లను తప్పుపట్టలేం, బిడ్డను చూసుకునే దిక్కు లేక చేసిన పని. కండెలు చుట్టే తల్లికీ ఇవాళ కావాల్సింది బిడ్డను కాసేపు ఎత్తుకునే మనిషి, దగ్గర్లో నడిచే అంగన్‌వాడీ.

ఇంట్లో పసిబిడ్డ ఉంటే వస కొమ్ము అరగదీయకండి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, జాజికాయ కూడా వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. ఏడుపు ఆగకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లండి. పెద్దవాళ్లు నిద్ర కోసం ఏ మూలిక వాడుతున్నా, డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మాత్రల పేర్లతో పాటు ఆ మూలిక పేరూ చెప్పండి.